దిష్టి పట్టీ

అడగందే అమ్మయినా పెట్టదంటారు. హుసేన్‌పీరా ఉస్తాద్ అడిగినా పెట్టేవాడు కాదు. డోన్ ఊరి బయట, బేతంచెర్ల దారి చీలే చోట ఆయన షెడ్డు. అందులో పని నేర్చుకున్న ఏ శిష్యుడూ తన ప్రశ్నకు ఆయన నోటి నుంచి తిన్నగా ఒక జవాబు విని ఎరగడు. గేరు ఎందుకు ఎగిరిపోతోందని అడిగినవాడికి గేరు పెట్టె మొత్తం ఊడదీసే పని తగిలేది. బండి ఎందుకు వేడెక్కుతోందని అడిగినవాణ్ణి ఎండలో నిలబెట్టి, విషయం తట్టేదాకా రేడియేటర్‌కు నీళ్లు పోయిస్తూనే ఉండేవాడు. తట్టాక, "ఆఁ, ఇప్పుడు చెప్పు" అనేవాడు. అంటే జవాబు కూడా అడిగినవాడే చెప్పుకోవాలన్నమాట. చూసేవాళ్లు దీన్ని ముసలాయన మొండితనం అనేవాళ్లు. కొంత మొండితనమే, కాదనను. కానీ అక్కడ నేర్చుకున్నది ఎవరూ మరిచిపోయినట్టు మాత్రం వినలేదు.

ఆ షెడ్డుకు వచ్చేవి మామూలు బండ్లు కావు. దొరల కాలం నాటి కార్లు. పాత కారున్న పెద్దమనుషులది ఒక రకం పిచ్చి. కారును మెత్తటి గుడ్డతో తుడుచుకొని, పెళ్లికో పేరంటానికో బయటికి తీసి మురిసిపోవడం ఆ పిచ్చిలో మొదటి మెట్టు. కొందరికి అక్కడితో ఆగదు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, ఆ ముసలి కారులోనే ఎడారులూ మంచుకొండలూ దాటి వెళ్తామంటారు. అలాంటివాళ్లు నలుగురూ కలిసి ర్యాలీ పెట్టుకుంటారు. ఎవరు ముందు చేరారన్నది అందులో పెద్ద విషయం కాదు, అసలు చేరారా లేదా అన్నదే విషయం. ఆ యాత్రకు కారును సిద్ధం చేయడమంటే, దారిలో ఎక్కడెక్కడ ఏమేం విరుగుతాయో షెడ్డులో కూర్చొని ముందే ఊహించడం. ఊడిపోయే ప్రతి నట్టుకూ తీగ చుట్టాలి. పెట్రోలు గొట్టానికి వేడి తగలకుండా గుడ్డ కట్టాలి. దుమ్ము ఎక్కడి నుంచి దూరుతుందో చూసి మూయాలి. మనం చూడని రోడ్డు మీద, మనం లేనప్పుడు, ఇంకొకరి ప్రాణం మోసే బండి అది. ఉస్తాద్ ఈ పనిలో దేశమంతా పేరున్నవాడు. బెంగుళూరు నుంచీ బొంబాయి నుంచీ కార్లు లారీలెక్కి డోన్‌కు వచ్చేవి.

ఆయనకు ఒక ఆచారం ఉండేది. లారీల కింద చూస్తే ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన ఇనప పట్టీలు కనిపిస్తాయి. దాన్నే కమాను కట్ట అంటారు. ఆ పాత కార్లకూ అదే ఉండేది. యాత్రకు పోయే కారుకు ఉస్తాద్ కొత్త పట్టీలు కొట్టించేవాడు, కానీ ప్రతి కట్టలోనూ ఒక్కటి మాత్రం పాత పట్టీయే వేసేవాడు. బాగా బరువు మోసి అలిసిపోయిన పట్టీ. అలాంటివి ఏళ్ల తరబడి ఏరి ఒక మూల దాచిపెట్టుకున్నాడు. దాని అంచున ఉలితో చిన్న గాటు పెట్టి, "బిస్మిల్లా" అని కట్టలోకి తోసేవాడు. సరిగ్గా అదే కొలతకు ఇంకొకటి వెనక సీటు కింద తీగతో కట్టి పంపేవాడు. ఎందుకు ఉస్తాద్ అని అడిగితే, ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం పని కూడా చెప్పకుండా నవ్వి ఊరుకునేవాడు.

శిష్యులు ఊరుకుంటారా? చంటిబిడ్డకు బుగ్గన నల్లచుక్క పెట్టినట్టు, కొత్త బండికి దిష్టి తగలకుండా ఒక పాత పట్టీ పెడుతున్నాడని తీర్మానించేశారు. దాని పేరు దిష్టి పట్టీ అయింది. ఒకడు దానికి కుంకుమ పెట్టేవాడు. ఒకడు దర్గా నుంచి తెచ్చిన దారం చుట్టేవాడు. అందరికంటే భక్తిగా కళ్లకద్దుకొని ఎక్కించేవాడు మద్దిలేటి. ఉస్తాద్ దగ్గర పద్దెనిమిదేళ్ల నుంచి ఉన్న పెద్ద శిష్యుడు. నలభైకి దగ్గర పడినవాడు. ఉస్తాద్ చేతులు వణకడం మొదలయ్యాక కమాన్ల పని మొత్తం అతనిదే.

మద్దిలేటి భార్య నాగరత్న పోయిన వానాకాలంలో విషజ్వరంతో చనిపోయింది. జ్వరం వచ్చిన నాలుగో రోజుకు మనిషి లేదు. ఆ నాలుగు రోజుల్లో అతను కట్టని తాయెత్తు లేదు, మొక్కని దేవుడు లేడు. తన పేరిటి దేవుడు మద్దిలేటి నరసింహస్వామికి ముడుపు కట్టాడు. ఉస్తాద్ తోడు రాగా దర్గాలో చాదరు కప్పాడు. ఏదీ ఆమెను ఆపలేదు. మట్టి చేసి వచ్చిన రోజే ఇంట్లోని పటాలన్నీ దించి బట్టల పెట్టెలో పెట్టేశాడు. తన మొలకున్న తాయెత్తు తెంపి బావిలో పారేశాడు. కూతురు ఈశ్వరి ఏడో తరగతి పిల్ల, తల్లి చీర ముఖానికి అడ్డం పెట్టుకొని గుక్కపట్టి ఏడుస్తుంటే, చీర లాగి పక్కన పడేసి, "ఏడ్చొద్దు. మనం ఏడిస్తే ఇల్లు నిలబడదు" అన్నాడు. తను ఒక్క చుక్క కూడా రాల్చలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. మద్దిలేటి గుండె రాయి చేసుకున్నాడు, పిల్ల కోసం ఎట్ల నిలబడినాడో చూడండి అన్నారు. ఆ మాట అతనికి ఆ రోజుల్లో కొంచెం బలమిచ్చింది.

తర్వాత ఎక్కడా ఏమీ విరగనివ్వలేదు. తెల్లారే లేచి వండాడు. పిల్లకు జడ వేయడం నేర్చుకున్నాడు. బడి ఒక్కరోజు మానిపించలేదు. రాత్రి పిల్ల వెక్కిన చప్పుడు వస్తే, పక్క మీద నుంచే "ఊఁ" అని ఒక్క మాట అనేవాడు. చప్పుడు ఆగేది. కొన్నాళ్లకు చప్పుడే రావడం మానేసింది. పిల్ల గట్టిపడిందని అనుకున్నాడు. ఆ తర్వాత మాట తగ్గింది. అడిగినదానికి తల ఊపడమే. తర్వాత అన్నం తగ్గింది. బడిలో సారు పిలిపించి, "పిల్ల నోరు తెరవడం లేదు, ఎక్కడైనా చూపించండి" అన్నాడు. కర్నూలు తీసుకుపోయాడు. డాక్టరు గుండె చూశాడు, గొంతు చూశాడు, రక్తం తీయించాడు. ఏ జబ్బూ లేదన్నాడు. ఆ మాటకు మద్దిలేటికి భయం వేసింది. జబ్బయితే మందుంటుంది.

ఆ భయంలోనే ఒక మధ్యాహ్నం, టీ గ్లాసు చేతిలో చల్లారిపోతుంటే, ఉస్తాద్‌ను అడిగాడు. "నేను ఒక్కపూట కూడా కిందపడలేదు ఉస్తాద్. ఇంట్లో ఒక్కటి కూడా చెదరనియ్యలేదు. ఇంత గట్టిగా పట్టుకున్యా, పిల్ల ఎందుకు చేజారిపోతాంది?"

ఉస్తాద్ చేతిలో ఉన్నది గ్రీజు గుడ్డ. దాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. చివరకు షెడ్డు మధ్యలో దిమ్మల మీద నిలబెట్టిన నల్లకారు వైపు గడ్డం ఊపి, "ఆ బండికి కమాన్లు కట్టు" అన్నాడు.

మద్దిలేటికి ఒళ్లు మండింది. పద్దెనిమిదేళ్లుగా భరించినవాడికి ఆ పూట మాత్రం ఆ అలవాటు భరించరానిదిగా తోచింది. బిడ్డ గురించి అడిగితే బండి పని చెబుతాడా? కానీ గ్లాసు కింద పెట్టి లేచాడు.

ఆ నల్లకారు ఆదోని వెంకోబరావు గారిది. మునసబు కోర్టులో జడ్జిగా చేసి దిగిపోయిన పెద్దమనిషి. కారు ఆయన తండ్రి కొన్నది. వచ్చే నెలలో హంపి నుంచి లద్దాఖ్ దాకా ర్యాలీ ఉంది. కంట్లో పొర కమ్ముతోందని, ఇంకో ఏడాదికి బండి తోలే చూపు ఉండదని డాక్టర్లు చెప్పారట. అందుకే ఈసారి పోవాలి. అది చెప్పి, కారును ఉస్తాద్‌కు అప్పగించి, ఇంటికి పోయి పగళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు.

మద్దిలేటి ఆ కోపంతోనే పనికి దిగాడు. కొత్త పట్టీలు కొట్టించాడు, ఎర్రగా కాల్చి, నీళ్లు బాగా తాగించి గట్టిపరిచాడు. దిష్టి పట్టీ వంతు వచ్చింది. గాటు పెట్టిన పాత పట్టీని చేతిలోకి తీసుకొని చూశాడు. అలిసిపోయి, వంపు పోయి, ఊరికే చేతిలో ఊగుతోంది. దీనికి కుంకుమ పెట్టి కళ్లకద్దుకున్నాడు ఇన్నాళ్లూ. ఇన్ని బండ్లను కాపాడిన దేవుడు నాగరత్నను కాపాడలేదు. దాన్ని పక్కకు విసిరేసి, దాని చోట కొత్తది వేశాడు. అంతటితో ఊరుకోక ప్రతి కట్టలోనూ ఇంకో పట్టీ ఎక్కువ బిగించాడు. సీటు కింద తీగతో కట్టేదాన్నీ కట్టలేదు. మూలనున్న ఉస్తాద్ పాత పట్టీల కుప్ప మొత్తం గోనెసంచికెత్తి కమ్మరి కొలిమికి పంపించేశాడు. ఇంక ఈ షెడ్డులో దిష్టులూ తాయెత్తులూ వద్దనుకున్నాడు.

ఉస్తాద్ వచ్చి కట్టలను చూశాడు. వేళ్లతో పట్టీలు లెక్కబెట్టాడు. ఖాళీగా ఉన్న మూల వైపు కూడా ఒకసారి చూశాడు. మద్దిలేటి తిట్లకు సిద్ధమై నిలబడ్డాడు. "ఇంక ఇది విరిగే కమాను కాదు ఉస్తాద్" అన్నాడు, అడగకుండానే. "సరే. ఆదివారం గనుల దారిలో తిప్పి చూద్దాం" అన్నాడు ఆయన, అంతే.

బేతంచెర్ల గనుల దారి సంగతి ఆ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. నాపరాళ్ల లారీలు తిరిగి తిరిగి అది దారి అనే పేరు పోగొట్టుకుంది. ఉస్తాద్ కట్టిన ప్రతి కారూ, యాత్రకు పోయే ముందు ఆ దారిలో సామాను బరువుకు సరిపడా ఇసుక మూటలు మోసి తిరిగి రావాలి. ఆదివారం బడి లేదు. ఇంట్లో పిల్లను ఒక్కదాన్నే వదిలిపెట్టడం ఇష్టంలేక మద్దిలేటి ఈశ్వరిని వెంట తెచ్చాడు. వెనక సీటులో, ఇసుక మూటల మధ్య చోటు చేసి కూర్చోబెట్టాడు. "గట్టిగా పట్టుకో" అన్నాడు. పిల్ల తల ఊపింది. ఉస్తాద్ ఏదో అనబోయి, మళ్లీ నోరు మూసుకొని, ముందు సీటులో ఎక్కాడు. ఆ రోజు ఆ మాట అనకపోవడం గురించి ఆయన తర్వాత చాలాసార్లు తలుచుకున్నాడని విన్నాను.

బండి కదిలింది. తారు రోడ్డు మీద ఉన్నంతసేపూ హాయిగా పోయింది. గనుల దారిలోకి మళ్లగానే మొదటి గుంత వచ్చింది. ముసలి కార్లు గుంతలో పడితే పడవలాగా ముందుకూ వెనక్కూ ఊగుతాయి. ఇది ఊగలేదు. పడింది, లేచింది, అంతే. మద్దిలేటి మొహం విప్పారింది. "చూసినారా ఉస్తాద్, కొంచెమన్నా ఊగడం ల్యా" అన్నాడు. "ఊగడం ల్యా" అన్నాడు ఉస్తాద్, తలుపు పక్కనున్న పిడిని రెండు చేతులతో పట్టుకొని. రెండో గుంతకు ఆయన టోపీ ఊడి ఒళ్లో పడింది. తీసి పెట్టుకున్నాడు. మూడో గుంతకు మళ్లీ పడితే ఇంక పెట్టుకోలేదు. ఎదురుగా రాళ్ల లారీ వచ్చినప్పుడు మద్దిలేటి కారును పక్కనున్న రాళ్లలోకి దించాడు. అప్పుడు అందరూ గాల్లోకి లేచి పడ్డారు. వెనక ఏదో తగిలిన చప్పుడయింది. ఇసుక మూట దొర్లిందనుకున్నాడు. అద్దంలో చూద్దామంటే దుమ్ములో ఏమీ కనిపించలేదు. నెలల తర్వాత అతని చేతికి ఒక పని తను అనుకున్నట్టే వచ్చింది. ఆ సంతోషం కూడా చిన్నది కాదు, పాపం.

ఎండిపోయిన వంక ఒకటి అడ్డం వస్తుంది అక్కడ. దాటడానికి నాపరాళ్లు పరిచారు. వాటిలో ఒకటి కుంగి ఉంది. వెనక చక్రం అందులో పడినప్పుడు కింద నుంచి ఒక చప్పుడు వచ్చింది. పట్టీ విరిగితే టక్కున వస్తుంది. ఇది అలా లేదు. బరువుగా, లోపల నుంచి, తలుపు గొళ్లెం ఊడినట్టు వచ్చింది. మద్దిలేటి ఇంజను ఆపి దిగాడు. కారు కింద దూరి ఒక్కొక్క కట్టా తడిమాడు. ఒక్కొక్క పట్టీ మీదా వేలు పోనిచ్చాడు. అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. కింద నుంచే గట్టిగా అరిచాడు. "పట్టీ ఒక్కటి కూడా విరగలేదు ఉస్తాద్!"

ఉస్తాద్ అప్పటికే దిగి నిలబడి ఉన్నాడు. దిగడానికి తెరిచిన తలుపును మూయబోతే అది మూసుకోలేదు. కింద అంచు తగులుకుంటోంది, పైన చెయ్యి పట్టేంత సందు. ఆయన తలుపును ఒకసారి నొక్కి చూసి వదిలేశాడు. "ఛాసిస్ చూడు" అన్నాడు.

ఛాసిస్ అంటే కారంతా దేని మీద కూర్చుంటుందో ఆ ఇనప చట్రం. వెనక కమానును దానికి తగిలించే చోట, కింది అంచున మొదలై పైకి పాకిన పగులు కనిపించింది. గోరు దూర్చేంత సందు. మద్దిలేటి దాన్ని చూస్తూ వెల్లకిలా పడుకునే ఉన్నాడు. ముఖం మీద తెల్లటి రాతి దుమ్ము రాలుతోంది. కమాను పట్టీ విరిగితే చెట్టు నీడన కూర్చొని ఎవరైనా మార్చుకోవచ్చు. ఛాసిస్ పగిలితే అక్కడితో ఆ కారు యాత్ర ముగిసినట్టే. ఎనభై ఏళ్లుగా పగలనిది అతని చేతిలో పగిలింది.

ఉస్తాద్ మోకాళ్ల మీద కష్టంగా కూర్చొని, కారు కిందికి వంగి అతన్ని చూశాడు.

"ఆ పాత పట్టీ దిష్టికి కాదురా. మీరు దిష్టికనుకుంటే నేను నవ్వుకున్యా. దారిలో పెద్ద దెబ్బ తగిలితే ముందు అది విరగాల. విరిగితే చప్పుడు వినపడతాది, మనిషి దిగుతాడు, చూసుకుంటాడు, సీటు కింద కట్టినదాన్ని వేసుకొని పోతాడు. అందుకు పెట్టేది."

మద్దిలేటి కళ్ల మీది దుమ్ము తుడుచుకున్నాడు.

"నీ కమాను విరగలేదు, నిజమే. దెబ్బ మాత్రం పడింది కదా మద్దిలేటీ. అది యాడికి పోయినట్టు?"

ఛాసిస్‌కు పోయిందని చెప్పబోయి, నోరు తెరిచి, మద్దిలేటి ఆగిపోయాడు. కారు కింద నుంచి పాకుతూ బయటికి వచ్చాడు. లేచి నిలబడి వెనక కిటికీలోంచి చూశాడు. ఈశ్వరి అతను కూర్చోబెట్టిన చోటనే, కూర్చోబెట్టినట్టే కూర్చొని ఉంది. రెండు చేతులూ సీటు అంచును పట్టుకొని ఉన్నాయి. కింది పెదవి చీలిపోయి గడ్డం మీదుగా రక్తం కారి గౌను మెడంతా తడిసింది. అప్పటికి కొంత ఆరిపోయి నల్లబడింది కూడా.

"ఎప్పుడు తగిలిందమ్మా?"

"లారీ ఎదురొచ్చినకాడ."

అది ఎక్కడో వెనక. అక్కడి నుంచి ఎన్ని గుంతలు దాటి వచ్చారో.

"చెప్పల్యేదేమే? ఏడ్చన్నా ఏడ్చల్యేదేమే?"

పిల్ల తండ్రిని చూసింది. ఆ చూపులో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు. చెప్పిన మాట విన్నాను కదా అన్నట్టుంది.

"ఏడ్చొద్దంటివి కద నాయనా."

ఎన్నో వారాల తర్వాత ఆ పిల్ల నోటి నుంచి వచ్చిన పూర్తి మాట అది. మద్దిలేటి తలుపు తీసి పిల్లను దించి ఒళ్లోకి తీసుకున్నాడు. పిల్ల చేతులు బిగుసుకుపోయి ఉన్నాయి, సీటు అంచు ఇంకా చేతిలోనే ఉన్నట్టు. "ఏడువు తల్లీ, ఏడువు" అన్నాడు. పిల్ల అతన్ని వింతగా చూసింది. మరిచిపోయిన పాఠం అప్పజెప్పమంటే చూసినట్టు చూసింది. ఏడవలేదు. తనైనా ఏడిస్తే దానికి దారి దొరుకుతుందేమో అనుకున్నాడు మద్దిలేటి. నాగరత్నను తలుచుకున్నాడు. జ్వరంలో ఆమె నీళ్లడగడం తలుచుకున్నాడు. కళ్లు పొడిగానే ఉన్నాయి. అంత ఎండలో, ఆ పగిలిన కారు పక్కన, ఏడుపు కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాడు. అది రాలేదు. ఉస్తాద్ తన భుజం మీది తువ్వాలు రేడియేటర్ కోసం తెచ్చిన నీళ్లలో తడిపి పిల్ల పెదవికి అద్దాడు.

పిల్లను బేతంచెర్ల ఆస్పత్రికి ఒక రాళ్ల లారీలో తీసుకుపోయారు. కుట్లు వేసేటప్పుడు కూడా అది కిమ్మనలేదు. ఎంత ధైర్యమో అని నర్సమ్మ మెచ్చుకుంది. మద్దిలేటి ఆ మాటకు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కారును మరునాడు లారీ మీద షెడ్డుకు చేర్చారు.

కబురందుకొని వెంకోబరావు గారు ఆదోని నుంచి బస్సులో వచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టలేదు. మూసుకోని ఆ తలుపును చేత్తో నిమిరాడు. "మా నాయన కాలం నుంచి దీనికి ఒక్క దెబ్బ తగలలేదు పీరా" అన్నాడు. "అతికితే పోవచ్చునా?"

"ఊళ్లో తిరగొచ్చు సార్. కొండలకు వద్దు."

ఆయన తల ఊపాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, అది శుభ్రంగానే ఉన్నా. వచ్చే ఏడాదికి ఆయనకు చూపు ఉండదని షెడ్డులో అందరికీ తెలుసు. వచ్చిన బస్సుకే వెనక్కి పోయాడు. మద్దిలేటి ఆయన వెనక రోడ్డు దాకా నడిచి, బస్సు కదిలేదాకా నిలబడి తిరిగి వచ్చాడు. వచ్చేసరికి ఉస్తాద్ పగులు పక్కన స్టూలు వేసుకొని కూర్చొని ఉన్నాడు.

"బండి నాలుగు ఎగురులు ఎగిరితే నీకు తెలిసొస్తుందనుకున్యా" అన్నాడు ఆయన, మద్దిలేటి మొహం చూడకుండా. "ఇంత అవుతుందనుకోలేదు. ఎప్పుడూ నోరు మూసుకొనే నేర్పినా కదా. ఈసారి నోరు తెరవాల్సింది."

గురువు శిష్యుడికి అంతకుముందు ఎన్నడూ అలాంటి మాట చెప్పలేదు. మద్దిలేటి వెల్డింగు పెట్టె లాక్కొని పనికి కూర్చున్నాడు. పగులు చివర్లలో రంధ్రాలు వేశాడు, ఇంకా పాకకుండా. అంచులు అరగదీశాడు. అతికాడు. పైన ఇనప రేకు వేసి మళ్లీ అతికాడు. అతను చేసిన పనుల్లో అంత శ్రద్ధగా చేసింది ఇంకొకటి ఉండదు. చల్లారాక అతుకు మీద వేలు పోనిస్తే ఎక్కడా తగల్లేదు.

ఆ సాయంత్రం ఈశ్వరి బడి నుంచి షెడ్డుకే వచ్చింది. గుమ్మం దగ్గరున్న పాత టైరు మీద కూర్చొని, పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకొని, రోడ్డు చూస్తోంది. పెదవి మీద కుట్లు నల్లగా కనిపిస్తున్నాయి. సందెపొద్దు మొహం మీద పడుతున్నా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మద్దిలేటి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ చాలాసేపు అటే చూశాడు.

"నిలుస్తుందా ఉస్తాద్?" అన్నాడు చివరకు.

ఉస్తాద్ అతుకు వైపు చూడలేదు. మద్దిలేటి చూస్తున్న వైపే చూశాడు.

"కమాను మెత్తబడితే నిలుస్తుంది. లేకుంటే అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది."

"పాత పట్టీలన్నీ కమ్మరికి ఇచ్చేస్తి కదా. ఇప్పటికి కొడవళ్లు అయిపోయుంటాయి. ఇంక యాడ తేవాల?"

"కొత్తవైతే బజార్లో దొరుకుతాయి. పాతది యాడా దొరకదు మద్దిలేటీ. ఉన్నదే బరువు మోసి మోసి మెత్తబడాల." ఆయన స్టూలు మీద నుంచి మెల్లగా లేచాడు. "అంతదాకా అది ఆగుతుందో ల్యాదో, నాకు తెల్దు."